వీరేశం ఎడమ ఇండికేటర్

ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు దిల్‌సుఖ్‌నగర్ లాడ్జి నుంచి పెళ్లికొడుకు వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి, తొమ్మిదిన్నరకల్లా ఎల్బీనగర్ ఫంక్షన్ హాలుకు చేర్చాలి. వీరేశానికి అప్పగించిన పని అంతే. నిశ్చితార్థం ముహూర్తం పదీ నలభైకి. సరూర్‌నగర్‌లో పుట్టి, కొత్తపేటలో పెయింట్ల దుకాణం పెట్టుకుని, ఆ రోడ్డు మీద పదిహేనేళ్లుగా కారు నడుపుతున్న వీరేశం దీన్ని ఒక పనిగానే లెక్కవేయలేదు.

పెళ్లికూతురు భానుప్రియ అతని మేనకోడలు. ఆ పిల్ల ముందురోజు ఫోన్ చేసి ఒక మాట చెప్పింది.

"మామా, రేపు జర ఇండికేటర్లు ఏసుకుంట నడుపు. రాఘవేంద్ర వాళ్ల డాడీ బస్సు డ్రైవర్లకు ట్రైనింగ్ ఇచ్చి రిటైరైండు. మనిషి ఎట్లాంటోడో బండి నడిపే తీరు చూసి చెప్తడంట."

"నా డ్రైవింగ్‌కేమైంది?"

"నువ్వు ఇండికేటర్ ఏసుడు నేనెప్పుడు చూడలే మామా."

ఆ మాటకొస్తే వీరేశం కూడా ఎప్పుడూ చూడలేదు. తను ఎటు తిరగబోతున్నాడో తనకు తెలుసు, వెనకవాడికి దానితో ఏం పని అన్నది అతని అభిప్రాయం. అయినా మేనకోడలి కోసం ఆరింటికే లేచి, ఇంటి ముందు ఆగి ఉన్న కారులో కూర్చుని, స్టీరింగ్ పక్కనున్న పుల్ల పైకి అంటే ఎడమ, కిందికి అంటే కుడి అని పదిసార్లు వేసి చూసుకున్నాడు. ముగ్గు వేస్తున్న భార్య బాలలక్ష్మి తల ఎత్తి, "పొద్దుగాల పొద్దుగాల గీ లైట్లేంది?" అంది. "ప్రాక్టీస్" అన్నాడు వీరేశం.

లాడ్జి దగ్గర తణుకు నుంచి వచ్చిన పెళ్లివారు సిద్ధంగా ఉన్నారు. ముందు తెల్ల కారులో పెళ్లికొడుకు తండ్రి బాపిరాజు గారు, ఆయన భార్య సూర్యప్రభ, పెళ్లికొడుకు రాఘవేంద్ర. దాని వెనక పదిహేను మంది బంధువులతో ఒక మినీ బస్సు. స్టీరింగ్ దగ్గర బాపిరాజు గారే ఉన్నారు. కొడుకు ఫోన్లో మ్యాప్ తీయబోతే వీరేశం వారించాడు.

"మ్యాప్ ఎందుకు సార్, నేనున్న గదా. మీరు నా ఇండికేటర్ చూస్కుంట రాండ్రి, గంతే."

బాపిరాజు గారి ముఖం వికసించింది. "అంతకంటే ఇంకేం కావాలండీ! బండి నడిపేవాడి మాట ఇండికేటర్లోనే ఉంటుంది. మీరు ఎటు వేస్తే మేం అటే" అన్నారు.

చైతన్యపురి చౌరస్తా దాకా అంతా బాగానే సాగింది. అక్కడ నేరుగా పోవాలి. నేరుగా పోయేవాళ్లు నాలుగు లైట్లూ వెలిగించడం వీరేశం చాలా చోట్ల చూశాడు. కాబట్టి ఎర్ర త్రికోణం బొత్తాం నొక్కి, నాలుగూ వెలిగించి, నెమ్మదిగా కదిలాడు. అంతలో వెనక నుంచి బాపిరాజు గారు కారు ఆపేసి పరుగెత్తుకొచ్చి అద్దం మీద కొట్టారు.

"ఏమైందండీ? ఇంజనా, టైరా?"

"ఏం కాలే సార్. సీదా పోతున్న అని చెప్తున్న."

బాపిరాజు గారు ఒక్క క్షణం ఆకాశం వైపు చూశారు. "నాలుగూ వేస్తే బండి మొరాయించిందని అర్థమండీ. తిన్నగా వెళ్లేటప్పుడు ఏమీ వెయ్యక్కర్లేదు. తిరిగేటప్పుడు, పక్క వరసలోకి జరిగేటప్పుడు ముందుగా వెయ్యాలి. అద్దంలో చూసుకుని అప్పుడు జరగాలి" అన్నారు. ఈ పాఠం పూర్తయ్యేసరికి ఆయన కారు వెనక మినీ బస్సు, దాని వెనక ఒక సిటీ బస్సు, దాని వెనక దిల్‌సుఖ్‌నగర్ సగం ఆగి హారన్లు కొడుతున్నాయి.

పక్క సీట్లో ఉన్న భార్య ముందు పాఠం చెప్పించుకోవడం వీరేశానికి చిన్నతనంగా అనిపించింది. ఇకనుంచి ఒక్క సిగ్నల్ కూడా తప్పకూడదని నిశ్చయించుకున్నాడు. ముందున్న బస్సును దాటడానికి కుడివైపు వేశాడు. దాటాక, తిరిగి ఎడమ వరసలోకి రావడానికి ఎడమవైపు వేశాడు. రెండూ తప్పు లేకుండా చేశాడు. కానీ పూర్తిగా మలుపు తిరిగితే ఇండికేటర్ దానంతటదే ఆగుతుంది. కొంచెం పక్కకు జరిగితే ఆగదు, చేత్తో ఆపాలి. ఈ సంగతి పొద్దున ప్రాక్టీసులో రాలేదు.

"ఏందో టిక్కు టిక్కు అంటుంది" అంది బాలలక్ష్మి.

"ఏసీది" అన్నాడు వీరేశం, నిబ్బరంగా.

ఇక్కడే, చౌరస్తాలో వెనక హారన్ కొట్టిన ఆ సిటీ బస్సు వచ్చి రెండు కార్ల మధ్య దూరింది. బాపిరాజు గారు చివరిసారి చూసినప్పుడు వీరేశం కారు ఎడమ దీపం వెలిగి ఆరుతూ ఉంది. కొత్తపేట దగ్గర బస్సు పక్కకు తప్పుకునేసరికి, ఎదురుగా ఒక తెల్ల కారు ఎడమ ఇండికేటర్ వేసుకుని ఎడమ వీధిలోకి తిరుగుతోంది. వీరేశం కారూ తెలుపే. బాపిరాజు గారు వెంటనే ఎడమ ఇండికేటర్ వేసి ఆ కారు వెనకే తిరిగారు. ఆయన వెనక మినీ బస్సు తిరిగింది. అసలు వీరేశం మాత్రం ఎడమ దీపం వెలిగించుకుంటూ నేరుగా ఎల్బీనగర్ వైపు పోయాడు.

ముందున్న తెల్ల కారు నడుపుతున్నది శ్రీరామమూర్తి అనే రిటైర్డ్ లైబ్రేరియన్. ఇడ్లీ పార్సిల్ తీసుకుని ఇంటికి పోతున్నాడు. ప్రతి మలుపుకూ చాలా ముందుగా ఇండికేటర్ వేసి, అద్దంలో చూసి, వేగం తగ్గించి తిరిగే మనిషి.

"చూశావా సూర్యా, ఒక్కసారి చెప్పానంతే. ఎంత బాగా పట్టేశాడో!" అన్నారు బాపిరాజు గారు. "ఈ సంబంధం విషయంలో నాకింక బెంగ లేదే."

అద్దంలో చూసే అలవాటున్న శ్రీరామమూర్తికి మాత్రం బెంగ మొదలైంది. ఒక కారు, ఒక మినీ బస్సు నాలుగు మలుపులుగా తననే అంటిపెట్టుకుని వస్తున్నాయి. అయిదో మలుపులో వేగం పెంచాడు. అవీ పెంచాయి. ఇంటి గేటులోకి కారు దూకించి, పార్సిల్ సీట్లోనే వదిలి, "ఇందిరా, తలుపెయ్యి!" అంటూ లోపలికి పరుగెత్తాడు.

"మనకంటే ముందు లోపలికెళ్లి చెప్పాలని ఎంత ఆత్రమో" అంది సూర్యప్రభ. హాలుకు ముందు ఇంటికి తీసుకొచ్చి కాఫీ ఇస్తారు కాబోలు అనుకుని పద్దెనిమిది మందీ పళ్లేలతో, పూలతో, పట్టుచీరల్లో దిగి గేటు ముందు నిలబడ్డారు. గేటుకు 'టు లెట్' బోర్డు వేలాడుతోంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

శ్రీరామమూర్తి భార్య ఇందిరాదేవి తలుపు సగం తెరిచి బయటికి చూసింది. పై పోర్షన్ ఖాళీగా ఉండి మూడు నెలలైంది. ఇంతమంది రావడం ఆమెకు ఆశ్చర్యమే, కానీ వచ్చినవాళ్లను నిలబెట్టి మాట్లాడటం బాగుండదు.

"ఫ్యామిలీకే ఇస్తమండి" అంది.

"మేం ఫ్యామిలీయేనండీ" అన్నారు బాపిరాజు గారు, నవ్వుతూ.

"మొత్తం ఎంతమంది?"

"ప్రస్తుతానికి పద్దెనిమిది మందిమి. మా తమ్ముడి వాళ్లు దారిలో ఉన్నారు."

ఇందిరాదేవి ముఖం వాడిపోయింది. "గంతమందికి నీళ్లు సరిపోవమ్మా. నల్లా దినం తప్పిచ్చి దినం ఒస్తది."

"ఇదేం చోద్యమండీ!" అంది సూర్యప్రభ. "ఇంటికొచ్చిన వాళ్లకి మంచినీళ్లు కూడా ఇవ్వలేరా? మరి పిల్లని ఎలా ఇస్తారు?"

"పిల్లనా? పోర్షన్‌తో పాటా?"

అంతలో రాఘవేంద్ర ఫోన్ మోగింది. అవతల భానుప్రియ. "ఎక్కడున్నరు? మామ కారొక్కటే ఒచ్చింది. ఎన్క తిరిగి చూస్తే ఎవ్వల్లేరట!"

రాఘవేంద్ర లొకేషన్ పంపించాడు. ఇరవై నిమిషాలకు వీరేశం వచ్చాడు. అప్పటికి ఇందిరాదేవి విషయం అర్థం చేసుకుని అందరికీ నీళ్లిచ్చింది. శ్రీరామమూర్తి మిద్దె మీద నుంచి మెల్లగా దిగి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. బాపిరాజు గారు వీరేశం కారు చుట్టూ తిరిగి, వెనక ఆగారు. ఎడమ దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

"ఎడమకి వేసి తిన్నగా వెళ్లారన్నమాట."

"ఆగిపోయిందనుకున్న సార్."

"అనుకోవడం కాదండీ, చూసుకోవాలి. ఎటు వెళ్తామని చెప్పామో అటు వెళ్లడం మనిషికి ముఖ్యం. ఒకటి చెప్పి ఒకటి చేసే ఇంటితో వియ్యం..." బాపిరాజు గారు ఆ వాక్యం పూర్తి చేయలేదు. రాఘవేంద్ర, "నాన్నా!" అన్నాడు. వీరేశం తల దించుకున్నాడు. చెల్లెలి ముఖం, భానుప్రియ ముఖం కళ్ల ముందు కదిలాయి. తన వల్ల పిల్ల పెళ్లి ఆగితే ఆ ఇంటి గడప మళ్లీ ఎట్ల తొక్కాలె?

బాలలక్ష్మి ముందుకొచ్చింది. "సార్, మా ఆయన పదిహేనేండ్లల్ల ఒక్కనాడు గా లైటు ఏయలే. ఇయ్యాల మీకు మర్యాద జేయాలని పొద్దుగాల ఆరింటికే లేచి నేర్సుకున్నడు. ఏసుడు నేర్సుకున్నడు, ఆపుడు రాలే. గింతదానికి పిల్లనంటరా?"

బాపిరాజు గారు గడియారం చూసుకున్నారు. పదీ ఇరవై అయిదు. "మీరింక ముందు రావద్దు. మ్యాప్ చూసుకుని మేమే వెళ్తాం. మిగతాది అక్కడ మాట్లాడుకుందాం" అని కారెక్కి తలుపు ధడాలున వేశారు.

వీరేశం మినీ బస్సుకు దారి వదలడానికి తన కారును మెల్లగా ముందుకు పోనిస్తున్నాడు. సరిగ్గా అదే సమయంలో, గోడవారగా ఆగి ఉన్న బాపిరాజు గారి కారు ఒక్కసారిగా కుడికి తిరిగి రోడ్డు మీదికి వచ్చింది. ఫట్‌మని శబ్దమైంది. వీరేశం కారు వెనక ఎడమ దీపం ముక్కలై రోడ్డు మీద పడింది.

గేటు దగ్గరున్న శ్రీరామమూర్తి గొంతు సవరించుకున్నాడు.

"ఇండికేటర్ వేయలేదండీ" అన్నాడు బాపిరాజు గారితో, ఎంతో మర్యాదగా. "అద్దంలో కూడా చూడలేదు."

బాపిరాజు గారు కారు దిగారు. ముప్పై ఏళ్లలో కొన్ని వందల మంది డ్రైవర్లకు ఆయన ఈ రెండు మాటలే చెప్పారు. ఇప్పుడు వాటిని ఎవరో తనకు చెబుతుంటే మనిషి అరచేతులు చూసుకుంటూ నిలబడిపోయారు. వీరేశం కిందికి వంగి ఎర్ర ముక్కలు ఏరుతూ, "పోనీయండ్రి సార్. పరేషాన్‌ల ఎవ్వలికైనా గిట్లనే అయితది" అన్నాడు. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. అతనికి నిజంగా అలాగే అనిపించింది.

"తప్పు నాదే, బావగారూ" అన్నారు బాపిరాజు గారు. సార్, అండీ అన్న పిలుపుల మధ్య ఆ మాట రావడం అదే మొదటిసారి. సూర్యప్రభ, బాలలక్ష్మి ఒకరినొకరు చూసుకుని కళ్లొత్తుకున్నారు.

ఆయన తన కారును కొడుకుకు అప్పగించారు. బాలలక్ష్మిని సూర్యప్రభ పక్కన కూర్చోబెట్టి, తాను వీరేశం పక్క సీట్లో కూర్చున్నారు. దీపం లేని బండి మలుపు తిరుగుతుంటే వెనకవాళ్లకు ఎలా తెలుస్తుందని, ఎడమకు తిరగాల్సిన ప్రతిచోటా పట్టుచొక్కా చేతిని కిటికీలోంచి బారుగా చాపారు. తిరిగాక లోపలికి తీసుకున్నారు. ఒక్కచోట కూడా మరిచిపోలేదు.

పదీ నలభై ముహూర్తం దాటిపోయింది. పంతులుగారు పంచాంగం తిరగేసి పన్నెండూ పదికి ఇంకోటి తీశారు. ఉంగరాలు మార్చుకున్నారు. మేనమామ పక్కన నిలబడి ఫొటో దిగుతానని పట్టుబట్టింది పెళ్లికొడుకు తండ్రే. భోజనాల దగ్గర ఆయన వడ్డించిన విస్తరి ముందు చాలాసేపు ఎడమచేతి పిడికిలి బిగించుకుని కూర్చున్నారని, ఏమిటని సూర్యప్రభ విప్పి చూసిందని చెబుతారు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఆయన చేయి చాపినప్పుడు, ముప్పై రోజుల్లో స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పే కోచింగ్ సెంటర్ వాళ్లు అందులో పెట్టి పోయిన కరపత్రం ఇంకా అందులోనే ఉంది.