తుర్రయ్య పరుగుకు కారణం

ఒక పెద్ద అడవిలో ఎవరైనా పరిగెత్తారంటే రెండే కారణాలు. ముందు తిండైనా ఉండాలి, వెనక సింహమైనా ఉండాలి. ఈ రెండూ లేకుండా పరిగెత్తేవాడు తుర్రయ్య ఒక్కడే.

తుర్రయ్య చెవులపిల్లి. తెల్లారగానే వాగు దగ్గర బయలుదేరి, గుట్ట దాకా పోయి, దాన్ని ఓసారి ముట్టుకుని, మళ్ళీ వాగు దగ్గరికొచ్చి ఆగేవాడు. ఎందుకురా అంటే చెప్పడానికి వాడి దగ్గర ఏమీ లేదు. మంచుకు తడిసిన గడ్డి పాదాలకు తగులుతుంటే వాడికి ప్రాణం లేచొచ్చేది. అంతే.

ఇలా ఉండగా సింహరాజుగారికి పొట్టొచ్చింది. ఒకరోజు జింక మీదికి దూకబోయి, మధ్యలోనే కూర్చుండిపోయారు. జింక వెనక్కి తిరిగి, "దెబ్బేం తగల్లేదు కదా ప్రభూ?" అని పరామర్శించింది. రాజుగారికి తల కొట్టేసినట్టయింది. వెంటనే సభ పిలిచారు.

"అడవి ఆరోగ్యం పాడైపోతోంది. ఇకనుంచి ప్రజలందరూ వ్యాయామం చెయ్యాలి."

"తమరు కూడానా ప్రభూ?" అంది ఎలుగుబంటి అమాయకంగా.

"మేము పర్యవేక్షిస్తాం."

వ్యాయామ ప్రోత్సాహక సంఘం పుట్టింది. నక్క కార్యదర్శి అయింది. ఎలుగుబంటి మోకాళ్ళ నొప్పులంది. అడవిపంది సోమవారం నుంచి మొదలుపెడతానంది.

"ఏ సోమవారం?" అంది నక్క.

"అది వచ్చాక తెలుస్తుంది లెండి. అయినా తరమాల్సిన రాజుగారే కదలడం లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

నక్కకు ఏం చెయ్యాలో తోచలేదు. ఇప్పటికే పరిగెత్తేవాడు ఒకడున్నాడు కదా, వాడి రహస్యం లాగితే అందరికీ పంచొచ్చు అనుకుంది. తుర్రయ్యను పిలిపించి లావుపాటి రిజిస్టరు తెరిచింది.

"పేరు తుర్రయ్య. దూరం వాగు నుంచి గుట్ట, రానూపోనూ. కారణం?"

"ఊరికేనండి."

"ఊరికే అంటే కుదరదు. ఈ గడిలో కారణం రాయాలి."

"నాకేం తెలుసండి, తెల్లారితే కాళ్ళు ఊరుకోవు."

"కాళ్ళ వాంగ్మూలం చెల్లదు." నక్క కాసేపు తోక గోక్కుంది. "సరే, గుట్ట దగ్గర రోజుకో ముల్లంగి ఇప్పిస్తాను. కారణం, ముల్లంగి. గడి నిండింది, ఇక పో."

ఆడుతూ పాడుతూ చేసే పనికి ముల్లంగి కూడానా! తుర్రయ్య మొదటి వారం గాల్లో తేలాడు.

రెండో వారం, ముల్లంగి గుట్ట దగ్గరే ఇస్తున్నారు కదా, మరి తిరిగొచ్చేటప్పుడు పరుగెందుకు అనుకుని నడిచొచ్చాడు. మూడో వారం ముల్లంగి సన్నగా ఉందని దార్లో పుట్ట దగ్గరే ఆగిపోయి, సన్న ముల్లంగికి ఇంత దూరం చాలన్నాడు. నెల తిరిగేసరికి ముల్లంగి మడి మొత్తం అడవిపంది మేసేసింది.

"ఇవాళ్టికి ముల్లంగి లేదు. ఊరికే పరిగెత్తు," అంది నక్క.

"ఊరికేనా! నేనేమన్నా వెర్రివాణ్ణా?"

ఆ మాట అన్నాక వాడికే ఎక్కడో కలుక్కుమంది. మర్నాడు తెల్లారి వాగు దగ్గర నిలబడ్డాడు. గడ్డి తడిగానే ఉంది. కాళ్ళు మాత్రం ముల్లంగి ఏదని అడిగాయి. ఏడుపొచ్చినంత పనై, వెనక్కి పోయి పడుకున్నాడు.

ఉన్న ఒక్క పరుగువాడూ పోతే సంఘం పరువేం కావాలి? నక్క వాణ్ణి ప్రేరణాచార్యుల పదవిలో కూర్చోబెట్టింది. రోజూ పొద్దున్నే బండమీదెక్కి ఉపన్యాసం చెప్పడం వాడి పని.

"పరుగు కాళ్ళలో లేదు, మనసులో ఉంది!" అని అరిచేవాడు. అడవంతా వచ్చి కూర్చునేది. కూర్చుని చేసే వ్యాయామం ఎవరికి చేదు? ఎలుగుబంటి కళ్ళు తుడుచుకుని, "ఆచార్యులవారి మాట వింటే పరిగెత్తొచ్చినట్టే ఉంటుంది," అని ఇంటికెళ్ళి నిద్రపోయేది. మూడు నెలల్లో అందరూ గుమ్మడికాయల్లా తయారయ్యారు, అందరికంటే ఎక్కువగా ఆచార్యులవారు.

ఒకరోజు ముందు వరసలోంచి రాజుగారు గొంతు సవరించుకున్నారు. ఆయనకు వేట దొరికి నాలుగు రోజులైంది.

"ఆచార్యా, లేవాలని ఉంటుంది కానీ ఒళ్ళు లేవదు. ఏం చెయ్యాలి?"

"లక్ష్యాన్ని కళ్ళముందు పెట్టుకోవాలి ప్రభూ!"

రాజుగారు పెట్టుకున్నారు. లక్ష్యం బండమీద బొద్దుగా నిలబడి ఉంది. ఆయన లేచారు.

బతికుంటే బలుసాకు తినొచ్చని సభంతా పొదలు పట్టింది. తుర్రయ్య కూడా బండ దిగి దూకాడు. ఎనిమిది గెంతులకే గుండె నోట్లోకొచ్చి బోర్లా పడ్డాడు. రాజుగారు పదడుగులు వేసి వాడికి రెండు మూరల ఇవతల కూలబడ్డారు.

కాసేపు ఇద్దరి ఆయాసమే వినిపించింది.

"తుర్రయ్యా, కాస్త ఇటు జరుగు నాయనా."

"తమరే దయచెయ్యండి ప్రభూ."

రాజుగారు జానెడు పాకారు. చావుభయంతో తుర్రయ్య జానెడు పాకాడు. పొద్దు వాలేసరికి వేట పుట్ట దాకా వచ్చింది.

"ఇక రేపు చూద్దాం," అన్నారు రాజుగారు.

"చిత్తం ప్రభూ."

మర్నాడు ఆపినచోటే మొదలుపెట్టారు. వారానికి లేచి నిలబడ్డారు, పక్షానికి నడిచారు, నెలకు ఉరికారు. నక్క రిజిస్టర్లో రాజుగారి కారణం ఫలహారమనీ, తుర్రయ్య కారణం రాజుగారనీ రాసుకుని మురిసిపోయింది. నలభయ్యో రోజున రాజుగారికి దార్లో బలిసిన జింకొకటి దొరికింది. ఆనాటి పరామర్శ ఆయన మరచిపోలేదు. తిని పడుకున్నారు.

మర్నాడు తుర్రయ్య వాగు దగ్గర రాజుగారి కోసం చూశాడు. రాలేదు. ముందు ముల్లంగి లేదు, వెనక సింహం లేదు. గడ్డి తడిగా ఉంది. కాళ్ళు మాత్రం ఊరుకోలేదు.

గుట్ట ముట్టుకుని తిరిగొచ్చేసరికి వాడికి ఆనందంతో ఊపిరాడలేదు. ఎదురుగా నక్క రిజిస్టరుతో నిలబడి ఉంది.

"రాజుగారు గుహలో గుర్రుపెడుతున్నారు కదా, మరి నువ్వెందుకు పరిగెత్తినట్టు?"

"ఊరికే" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. తుర్రయ్య దాన్ని మింగేసి, నక్క భుజం వెనక్కి చూస్తూ గొంతు తగ్గించాడు.

"నిద్ర లేచారండి. మీ వెనకే ఉన్నారు."

రిజిస్టరు వాగులో పడింది. సంఘం పుట్టినప్పటినుంచీ అడుగు కదపని కార్యదర్శి గుట్ట దాకా ఎక్కడా ఆగలేదు.

నీతి: ఇష్టంగా చేసే పనికి కారణం అడిగితే అబద్ధం చెప్పడమే ఆరోగ్యం, అడిగినవాడికి కూడా.