కుడితి తొట్టి రహస్యం

"భీమారావ్! నేరం పుట్టకముందే దాని జాతకం చెప్పగల మెదడు ఈ రాయపూర్‌లో ఒక్కటే ఉంది. అది ఈ టోపీ కింద ఉంది!" అన్నాడు జోగయ్య.

ఆయన గూడ్స్ గార్డు. డ్యూటీ లేని రోజుల్లో డిటెక్టివ్. పక్క క్వార్టరు నాది, ఆ ఖర్మ కూడా నాదే.

అది 2001. ఇంగ్లండులో పిచ్చి ఆవు రోగమని పేపర్లో చదివిన మర్నాడే, మా రైల్వే కాలనీకి పాలు పోసే అప్పలనరసమ్మ ఆవు గౌరి తూలుతూ వచ్చి జోగయ్య స్కూటరు మీద పడింది. అంతే, గౌరికి ఆ రోగమేనని సాయంత్రానికల్లా ఆయన ఇంటింటికీ చాటింపు వేశాడు. పాలు పోయించుకునేవాళ్లు లేరు. గౌరిని గోశాలకు తోలెయ్యాలని పెద్దలు తీర్మానించారు.

అప్పలనరసమ్మ గొల్లుమంది. "దూడప్పట్నించి పెంచినాను బాబూ! దీన్ని అంపేస్తే నానేటి తిని బతకాల?"

"చట్టానికి కన్నీళ్లు కనపడవమ్మా!" అన్నాడు జోగయ్య.

నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి పశువుల డాక్టరు భాగ్యశ్రీని తీసుకొచ్చాను.

"దీనికేం పెడతారు?" అని అడిగిందామె.

"గడ్డీ, కుడితీ, బస్!" అంది అప్పలనరసమ్మ. కాలనీలో ప్రతి ఇంటి గంజీ, బియ్యం కడుగూ ఆమె తొట్టిలోకే వెళ్తాయి.

"మరి ఆ రోగం ఎక్కణ్ణుంచి వస్తుంది?" అంది డాక్టరు. "ఇంగ్లండులో రోగమున్న పశువుల మాంసం, ఎముకలు పొడి చేసి దాణాలో కలిపారు. అది తిన్న ఆవులకు అంటుకుంది. అలాంటి ఆవుల మెదడో వెన్నుపామో కలిసిన మాంసం తింటే మనుషులకు ప్రమాదం. ఎంత ఉడికించినా పోదు. పాలవల్ల వచ్చినట్టు మాత్రం తేలలేదు."

"అయితే ఎందుకు తూలుతోంది? ఆధారం ఇక్కడే ఉంది!" అంటూ భూతద్దం పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచిన జోగయ్య దబ్బున కుడితి తొట్టిలో పడ్డాడు.

లేచేసరికి నెత్తినిండా గంజి, చెవిలో ఉబ్బిన ఇప్పపువ్వు. సారా వాసన గుప్పుమంది.

"అరే, ఆవుకి మత్తెక్కింది, అంతే! రెండు రోజుల్లో దిగిపోతుంది," అంది డాక్టరు.

"ఎవడా దుర్మార్గుడు? పాతాళంలో దాక్కున్నా పట్టుకుంటాను!" అని గర్జించాడు జోగయ్య.

ఆయన భార్య సుభద్ర గోడ మీంచి తొంగిచూసింది. "మీరేనండీ! మోకాళ్ల నొప్పులకని ధర్సీవా ఊరి నుంచి ఇప్పపువ్వు తెచ్చి కుండలో నానబెట్టారు. పులిసి కంపు కొడుతోంది, పారబోయండంటే, 'ఆవుకి పోస్తే పుణ్యం' అని రోజూ చెంబుతో ఈ తొట్టిలో పోసి రావట్లేదూ?"

కాలనీ అంతా ఆయన వైపే చూసింది. అప్పలనరసమ్మ కళ్లు తుడుచుకుని గౌరి మెడ కావలించుకుంది.

"అయితే గోశాలకి ఎవుల్ని అంపాల బాబూ?" అని మెల్లగా అడిగింది.

జోగయ్య టోపీలోని కుడితి పారబోసి, మళ్లీ నెత్తిన పెట్టుకున్నాడు.

"చూశావా భీమారావ్! నా కళ్లు కప్పి నేను కూడా తప్పించుకోలేను!"