టోకెన్ ఉంటేనే లోపలికి

ఆ రోజు పొద్దున కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి తలుపులు తెరవాలి, ఆరింటికి మూయాలి, మధ్యలో ఎవరూ పారిపోకూడదు.

కోడలు పళ్ళ డాక్టరు. పదకొండేళ్ళు ఒక పెద్ద ఆసుపత్రిలో ఒకరి చేతికింద పనిచేసి విసిగిపోయి, నాలుగేళ్ళుగా తాళం వేసి ఉన్న మామగారి పాత ఇంటి మీద కన్నేసింది. ఒక్కో గదిలో ఒక్కో వృత్తివాళ్ళు, అందరికీ కలిపి ఒకే హాలు, వచ్చినవాళ్ళకు భయం వేయకుండా ఇంట్లోకి వచ్చినట్టుండాలి. ఇదీ ఆమె ఆలోచన. వంటింట్లో నీళ్ళ గొట్టాలు ముందే ఉన్నాయి కాబట్టి పళ్ళ కుర్చీ అక్కడ బిగించింది. పడకగది లాయరుకు, వెనక వెలుతురున్న గది మనసు బాధలు వినే కౌన్సెలరుకు అనుకుంది. ఇంటి ముందు మెట్లు కొట్టేయించి, చక్రాల కుర్చీ ఎక్కేలా వాలుగా చేయించింది. తలుపులన్నిటికీ ఒకటే లేత నీలం రంగు వేయించింది. ఆ రంగు ఇంకా ఆరలేదు కాబట్టి పేర్ల బోర్డులు మాత్రం తగిలించలేదు.

మామగారికేమో ఆ ఇల్లు బిల్డరు చేతిలో పెట్టి చేతులు దులుపుకోవాలని ఉంది. మరమ్మతులు చేయించుకోమన్నాడు గానీ మాట ఇవ్వలేదు. "మొదటి రోజు చూస్తానమ్మాయ్. లాయరూ, ఆ కౌన్సెలరమ్మా ఉంటామంటే సరే. ఇద్దరిలో ఒక్కరు కాదన్నా, సాయంత్రం బిల్డరు కాగితాలతో వస్తాడు, సంతకం పెట్టేస్తాను" అన్నాడు. ఇల్లు పోతే కోడలు మళ్ళీ ఆ ఆసుపత్రికే వెళ్ళాలి.

ఎనిమిదిన్నరకు, ముందు బల్ల దగ్గర కూర్చోవలసిన అమ్మాయి జ్వరమని కబురు పెట్టింది. కోడలు గాభరా పడుతుంటే, ఊరికే చూసిపోదామని వచ్చిన మామగారు ఆ కుర్చీలో తాను కూర్చుంటానన్నాడు. ఆయన ముప్పై నాలుగేళ్ళు ఒక ఆఫీసులో ఇన్‌వర్డ్ గుమస్తా. వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసి లోపలికి పంపడం ఆయన ఉద్యోగం. కాగితంలో ఏముందో చదవడం ఆయన పని కాదు. అన్నేళ్ళలో ఒక్క కాగితం కూడా చదవలేదని ఆయనకు ఇప్పటికీ గర్వం.

కోడలు ఆయన ముందు ఒక జాబితా పెట్టింది. ఎవరు ఎన్నింటికి వస్తారో, ఏ గదిలోకి వెళ్ళాలో అందులో ఉంది. "ఒక్కటి గుర్తుంచుకోండి మామయ్యగారూ. ఏం పని మీద వచ్చారని ఎవర్నీ అడక్కండి. జబ్బు సంగతీ, కోర్టు సంగతీ నలుగురిలో చెప్పుకోవాలంటే ఎవరికైనా కష్టమే కదా" అంది. ఆయన తల ఊపాడు. ఆమె అటు వెళ్ళగానే, అంత గుట్టుగా ఉండవలసిన పేర్లు బల్ల మీద పడి ఉండటం తప్పనిపించి, జాబితాను చదవకుండానే సొరుగులో పెట్టి తాళం వేశాడు. తర్వాత పాత క్యాలెండరు కాగితాలను చదరంగా కత్తిరించి, ఎర్ర సిరాతో ఒకటి నుంచి యాభై దాకా నంబర్లు వేసుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్ళకు వరసగా నంబరు ఇవ్వాలి, ఏ గది ఖాళీ అయితే ఆ గదిలోకి పంపాలి. ఇందులో ఎవరినీ ఏమీ అడగవలసిన అవసరం లేదు.

మొదటి నంబరు ఒక బుగ్గ వాచినాయనకు దక్కింది. మామగారు ఆయనను లాయరు గదిలోకి పంపాడు. లాయరు ఆ బుగ్గను చూడగానే కేసు బలంగా ఉందనుకున్నాడు.

"ఎవరు చేశారిది?" అని మెల్లగా అడిగాడు.

నోరు పూర్తిగా తెరవలేని ఆ పెద్దమనిషి, బావమరిది ఇంట్లో భోంచేస్తుంటే మొదలైందని మాత్రం చెప్పగలిగాడు. చూసినవాళ్ళున్నారా అంటే ఇంటిల్లిపాదీ అక్కడే ఉన్నారన్నాడు. అప్పుడు బావమరిది ఏం చేశాడంటే, నవ్వాడన్నాడు. లాయరు ఆవేశంగా రెండు పేజీలు రాసి సంతకం పెట్టమన్నాడు. పన్ను తీసేముందు సంతకం తీసుకుంటారని విని ఉన్నాడు కనుక ఆయన పెట్టేశాడు. బావమరిది ఫోన్ నంబరు అడిగితే, తనకేమన్నా అయితే కబురు చేయడానికేనని బెదిరిపోయి అదీ ఇచ్చాడు. లాయరు అక్కడికక్కడే ఆ బావమరిదికి ఫోన్ చేసి, మధ్యాహ్నంలోగా వచ్చి సంజాయిషీ ఇచ్చుకోమన్నాడు.

రెండో నంబరు ఎలక్ట్రీషియనుది. పళ్ళ కుర్చీ మీది లైటు పొద్దుట్నుంచీ వెలగకపోతే కోడలే పిలిపించింది. అతను ఏదో చెప్పబోతే మామగారు, చెప్పనక్కర్లేదని చేత్తోనే వారించి, కౌన్సెలరు గది చూపించాడు. ఆమె అతన్ని కూర్చోమని, మంచినీళ్ళిచ్చి, ఈమధ్య నిద్ర సరిగ్గా పడుతోందా అని అడిగింది. ఇరవై రెండేళ్ళుగా ఇల్లిల్లూ తిరుగుతున్న మనిషిని, ఇంకా ఎంతసేపు పడుతుందని తప్ప ఎవరూ ఏమీ అడగలేదు. అతను పనిముట్ల సంచి కింద పెట్టి, తండ్రితో మాటలు మానేసిన రోజు నుంచి మొదలుపెట్టాడు. గంటన్నర తర్వాత తేలికపడిన మనసుతో, సంచి అక్కడే మరిచిపోయి ఇంటికి వెళ్ళిపోయాడు.

లైటు లేక కోడలు చీకటి వంటింట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంది. ఎప్పుడు చూసినా ఆమె గదే ఖాళీ కాబట్టి మామగారు వచ్చినవాళ్ళను వచ్చినట్టే అక్కడికి పంపసాగాడు. కౌన్సెలరు కోసం వచ్చిన ఒక అలిగిన జంట, ఎవరు ముందు నోరు తెరవాలన్న దగ్గర అక్కడ కూడా పోట్లాడుకుంది. ఆమె వాళ్ళను హాల్లోకి తీసుకొచ్చి, వీళ్ళు వెనక గదిలోకి వెళ్ళాలని నెమ్మదిగా చెప్పింది.

"తిరిగొచ్చిన కాగితానికి కొత్త నంబరు పడాలమ్మాయ్" అని మామగారు ఇద్దరికీ చెరో టోకెన్ ఇచ్చి చివర కూర్చోబెట్టాడు.

సంతకమయ్యాక పన్ను తీసేదాకా ఆగుదామని బయటికొచ్చిన బుగ్గ వాచినాయనా అలాగే కొత్త నంబరుతో చివరకు చేరాడు. పన్నెండింటికి హాల్లో కుర్చీలు చాలలేదు. లోపల ఇంతమంది ఉన్నారంటే ఏదో మంచిదే ఇస్తున్నారని, దారినపోయేవాళ్ళు కూడా వచ్చి నంబర్లు తీసుకున్నారు. కోడలికి ఒళ్ళు మండిపోయింది. ఆ జాబితా ఏదని గట్టిగా అడుగుదామనే వచ్చింది. తీరా చూస్తే మామగారు ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, పెన్ను చెవి మీద పెట్టుకుని, నిటారుగా కూర్చుని ఉన్నాడు. రిటైరయ్యాక ఆయనను అంత హుషారుగా ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆయన ముందు మంచినీళ్ళ గ్లాసు పెట్టి వెనక్కి వెళ్ళిపోయింది.

రెండింటికి బావమరిది నిప్పులు కక్కుతూ వచ్చాడు. వరసలో కూర్చోక తప్పలేదు. నాలుగింటికి అతని నంబరు వచ్చేసరికి లాయరు గదే ఖాళీ అయింది. బావగారి మీద చెయ్యి చేసుకున్నారా లేదా అని లాయరు గద్దించాడు. బావమరిది బయటికొచ్చి బావగారిని రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాడు. అప్పటికి ఏడు గంటలుగా నొప్పి ఓర్చుకుంటున్న ఆ పెద్దమనిషి లాయరు వైపు తిరిగి, "ముందు మీరు పన్ను పీకండి, మిగతా గొడవ తర్వాత చూసుకుందాం" అని నోరు తెరిచాడు.

లాయరు ఆ నోట్లోకి చాలాసేపు చూశాడు. తర్వాత తన పుస్తకాలు సర్దుకుని, కోడలి దగ్గరకొచ్చి, ఈ జన్మలో ఈ గడప తొక్కనని చెప్పి వెళ్ళిపోయాడు. కౌన్సెలరు మాత్రం ఇంత మనసు విప్పి మాట్లాడే మనుషులు తనకు ఇంకెక్కడా దొరకలేదనీ, రేపట్నుంచే వస్తాననీ చెప్పింది. కానీ షరతు ఇద్దరి మీదా ఉంది. కోడలు టార్చిలైటు వెలుగులో ఆ పన్ను తీసి, చేతులు కడుక్కుని, వంటింటి గోడను ఒకసారి తడిమి చూసి ఏడ్చింది. ఆరింటికి పది నిమిషాలుందనగా ముఖం తుడుచుకుని హాల్లోకి వచ్చింది.

"లాయరుగారు వెళ్ళిపోయారు మామయ్యగారూ. ఇంక రానన్నారు."

మామగారు తల ఎత్తలేదు. నలభై ఎనిమిదో నంబరు చుట్టూ గీత గీస్తున్నాడు. "ఒక పోస్టు ఖాళీ అయితే ఆఫీసు ఎత్తేస్తారటమ్మా?" అన్నాడు.

ఆ మాట అర్థం చేసుకునేలోపే బిల్డరు కాగితాల సంచితో లోపలికొచ్చి, నమస్కారం పెట్టి, సంతకం సంగతి ఎత్తబోయాడు. మామగారు చెయ్యెత్తి ఆపాడు.

"ఏం పని మీద వచ్చారో ఇక్కడ మేం అడగం. టోకెన్ తీసుకుని కూర్చోండి."

బిల్డరు కోడలి వైపు చూశాడు. ఆమె ఒక కుర్చీ చూపించింది. అతను కూర్చున్నాడు. గడియారం ఆరు కొట్టింది. మామగారు పెన్నుకు మూత పెట్టి, మిగిలిన టోకెన్లు సర్ది, చొక్కా చేతులు కిందికి దించుకున్నాడు.

"టైమైపోయింది. రేపు రండి."

"ఒక్క నిమిషం పనండీ, ఒక్క సంతకం..."

"రేపు కొత్త నంబరిస్తాను" అని ఆయన లేచి లైట్లు ఆర్పాడు. వాలుదారి మీద కోడలు ఆయన వెనకే నడుస్తూ, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇల్లు నిలిచిందని ఆమెకు అప్పుడు తెలిసింది.

ఇది జరిగి రెండు నెలలైంది. పడకగదిలోకి కళ్ళ డాక్టరొకాయన వచ్చాడు. బిల్డరు ప్రతి సోమవారం కాగితాలతో వచ్చి, నంబరు తీసుకుని, ఏ గది ఖాళీగా ఉంటే ఆ గదిలోకి వెళ్ళి వస్తున్నాడు. సంతకమైతే ఇంతవరకు కాలేదు గానీ, అతని పళ్ళు మాత్రం ఇప్పుడు చాలా బాగున్నాయి.