ఏడో నంబరు తల ఊపు

ప్రజల జీవితాలను లోతుగా వినబోతున్న మొట్టమొదటి ప్రభుత్వం తమదేనని మంత్రిగారు ప్రకటించినప్పుడు సభలో రెండు నిమిషాలపాటు చప్పట్లు మోగాయి. "ఇన్నాళ్ళూ నాయకులు మాట్లాడారు, ప్రజలు విన్నారు. ఇకమీదట ప్రజలు మాట్లాడతారు, నేను వింటాను" అన్న ముక్కను ఆయన గంటా పది నిమిషాలు వివరించారు.

కార్యక్రమం పేరు 'లోతు'. వారానికొక విశిష్ట వ్యక్తి, ఎదురుగా మంత్రిగారు, మధ్యలో రెండు మంచినీళ్ళ గ్లాసులు. లోతంటే ఎంత అన్న సందేహం ఎవరికీ రాకుండా మర్నాడే సర్క్యులర్ వచ్చింది. కనీస లోతు నలభై నిమిషాలు. ఒక్క సెకను తగ్గినా అది పైపై సంభాషణ కిందికే వస్తుంది.

ఈ మహత్కార్యంలో నాకూ ఒక పాత్ర దక్కింది. గర్వంగానే చెప్పుకుంటున్నాను. నేను మంత్రిగారి వీపుని.

అసలు నా ఉద్యోగం సచివాలయంలో రిసీవింగ్ సీటు. కిటికీలోంచి వచ్చిన అర్జీ తీసుకుని, తేదీ ముద్ర కొట్టి, పక్క బుట్టలో వేస్తాను. ఒకరోజు 'లోతు' డైరెక్టరు మా సెక్షన్లోకి వచ్చి, మా కుర్చీల వెనక్కి చేరి, ఒక్కో తలనీ సంతలో గుమ్మడికాయల్ని చూసినట్టు చూసుకుంటూ నడిచాడు. నా దగ్గర ఆగిపోయాడు.

"కదలకండి గురువుగారూ! ఆ మెడ మీద మడత, చెవుల వెనక ఆ నెరుపు... అచ్చం సారే!"

నేను తిరిగి చూడబోయాను.

"అబ్బా, తిరక్కండి. అటుపక్క పోలిక లేదు."

మనిషి తన ముఖాన్ని రోజూ అద్దంలో చూసుకుని తానున్నానని నమ్ముతాడు. వీపు విషయంలో పరుల మాట తప్ప వేరే ఆధారం లేదు. ఆ రోజునుంచీ నాలో నేనెరగని భాగమే ఎక్కువ విలువైనదేమోనని నాకు అనుమానం పట్టుకుంది. ఇంట్లో చెబితే మా ఆవిడ కూర తరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"పాతికేళ్ళు ఆ ముఖం వేసుకుని ఆఫీసుకెళ్ళారు, ఒక్కళ్ళూ గుర్తుపట్టలేదు. మొదట్నించీ వెనక్కి తిరిగి కూర్చోవాల్సింది కదండీ!"

వీపు అవసరం ఎందుకొచ్చిందంటే, మంత్రిగారికి తీరిక లేదు. ఆయన వినడం మొత్తాన్నీ ఒకే ఉదయం కెమెరాతో ముందుగా తీసేశారు. ఏడాదికి సరిపడా వినడం. కోటు కొలతలకని వెళ్ళిన నేను ఆ అపురూప దృశ్యాన్ని కళ్ళారా చూశాను. మంత్రిగారు ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుని తల ఊపుతున్నారు. సామాన్యమైన అంగీకారం ఒకటో నంబరు. నాలుగోది సానుభూతి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని. ఏడోది, కళ్ళు మూసి తెరిచి, నిదానంగా మూడుసార్లు. అంటే 'తప్పకుండా చేయిస్తాను' అని. సరిగ్గా ఆరు సెకన్లు.

పదకొండో నంబరు దగ్గర ఆయన ఆగి అడిగారు.

"ఇక్కడ కన్నీళ్ళని రాసుంది. ఎవరి కథకయ్యా?"

"ఇంకా ఎవర్నీ ఎంపిక చెయ్యలేదు సార్."

"పోనీలే. ఏడ్చి పెడతాను. తర్వాత అవసరమైన వాళ్ళకి వాడుకోండి."

ఏడ్చారు. అటువంటి శుద్ధమైన దుఃఖాన్ని నేనెక్కడా చూడలేదు. మనం ఎవరో పోతేనో, ఏదో జరిగితేనో గాని ఏడవలేం. కారణంతో పనిలేని కన్నీరు మహానుభావులకే సాధ్యం.

నెల తరవాత మొదటి అతిథిని తీసుకొచ్చారు. కాలవ మీది ఎత్తుడు వంతెనకి కాపలాదారు. అరవై దగ్గర పడిన మనిషి, సన్నగా ఉంది, చేతులు మాత్రం ఇనుపవిలా ఉన్నాయి. పడవ వచ్చినప్పుడల్లా చక్రం తిప్పి వంతెన మధ్య పలకను పైకెత్తడం, పడవ పోయాక దించడం, ముప్పై ఎనిమిదేళ్ళుగా అదే పని. అది విశిష్ట జీవితమేనని ముగ్గురు సభ్యుల కమిటీ ధ్రువీకరించింది.

నేను మంత్రిగారి కోటు తొడుక్కుని, కెమెరాకి వీపు పెట్టి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"అమ్మా, ఈయన్నే మంత్రిగారనుకుని మాట్లాడెయ్యండి" అన్నాడు డైరెక్టరు. నా చెవి దగ్గరికి వంగి, "గురువుగారూ, మీరు మాత్రం కదలొద్దు. వీపుకి అభిప్రాయాలు ఉండకూడదు" అన్నాడు.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఆ గదిలో నా ముఖంతో పని పడింది ఆవిడకొక్కత్తికే.

"చదువుకున్నవాళ్ళు బొమ్మలు గీసి చూస్తారు బాబూ. నేను చెవి పెట్టి వింటాను. పొద్దున్నే పలక దించాక ఒక్కో స్తంభానికీ చెవి ఆనిస్తా. మొదటిది మూలుగుతుంది, రెండోది కూనిరాగం తీస్తుంది. మూడోది ఇదివరకు నోరు మెదిపేది కాదు. రెండేళ్ళుగా టిక్కు టిక్కుమంటోంది. పలక ఆనేది దాని మీదే, లోపల పగిలింది బాబూ. రోజూ బడి పిల్లలు నూట నలభై మంది ఆ పలక మీదే పోతారు, వస్తారు. గంతులేస్తూ పోతారు. వాళ్ళని గంతులెయ్యొద్దంటే ఇంకా ఎక్కువ వేస్తారు."

పెళ్ళయిన కొత్తలో చక్రం ఎలా నేర్చుకుందో చెప్పింది. వరద రోజున పడవవాడితో పడిన తగువు, వాడే ఆ తర్వాత తన తమ్ముడికి మామగారవడం చెప్పింది. నవ్వించింది. కానీ ఎటు తిరిగినా మళ్ళీ మూడో స్తంభం దగ్గరికే వచ్చేది.

"బాగుచేయించండి. కుదరదంటే, బాగయ్యేదాకా పలక ఎత్తి ఉంచుకోమని ఒక్క మాట చెప్పండి. పిల్లలు పెద్దరోడ్డు మీదుగా పావుగంట చుట్టు తిరిగి పోతారు, కాళ్ళేం అరిగిపోవు. ఉత్తర్వు లేకుండా ఎత్తితే నా ఉద్యోగం తీసేస్తారు, ఇంకొకణ్ణి పెట్టి దింపిస్తారు. అందుకే అడుగుతున్నా. చేయిస్తారా?"

ఆగింది. నా వంక చూస్తూ కూర్చుంది.

ఆవిడకి నేను మంత్రిని కానని తెలుసు. అయినా మంత్రినన్నట్టే చూసింది. ఎదుటి మనిషి మనని ఎవరనుకుంటే కాసేపు మనం వాళ్ళమే అయిపోతామని ఆ నిశ్శబ్దంలో నాకు తెలిసింది. మెడ దానంతటదే కదలబోయింది. బిగబట్టాను. కదల్లేదు. డైరెక్టరు తరవాత నా భుజం తట్టి, "అద్భుతం! గోడలా ఉన్నారు" అన్నాడు.

వెళ్ళబోతూ ఆవిడ అడిగింది.

"అసలు మీరేం చేస్తుంటారు బాబూ?"

"అర్జీలు తీసుకుని ముద్ర వేస్తానమ్మా."

"అయితే నా అర్జీలు పదకొండూ మీ చేతిమీదుగానే పోయాయన్నమాట. చదివారా?"

"చదవడం నా సీటు పని కాదమ్మా."

"అవునవును" అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

ఎడిటింగులో పెద్ద చిక్కొచ్చింది. అక్కర్లేనివన్నీ కోశాక లోతు ముప్పై తొమ్మిది నిమిషాల యాభై నాలుగు సెకన్లు తేలింది. ఆరు సెకన్లు తక్కువ. ఇంకెక్కడైనా అతికిద్దామంటే ఆవిడ ఊపిరాడకుండా మాట్లాడుతూనే ఉంది. 'చేయిస్తారా?' అని ఆగిన చోటొక్కటే ఖాళీ. ఆరు సెకన్ల తల ఊపు ఏడో నంబరొక్కటే. అతికించేశారు.

ప్రసారమైన మర్నాడు పత్రికలన్నిటిలో మంత్రిగారి ముఖమే. 'అడగడమే ఆలస్యం, అంగీకారం' అని ఒకటి రాసింది. 'ఒక తల ఊపు, నూట నలభై ప్రాణాలు' అని ఇంకొకటి. మంత్రిగారు పేపర్లు చూసి, "నేను ఒప్పుకున్నానా? మంచి పని చేశాను" అన్నారట.

అసలు పని వంతెనల ఇంజనీరుగారికి పడింది. తల ఊపు ఉత్తర్వు అవుతుందా అని ఆయన ఫైలు పెట్టారు. న్యాయ సలహాదారు నాలుగు పేజీల అభిప్రాయం రాశారు. మంత్రి తల ఊపడం పదిమందీ చూస్తే అది ఉత్తర్వే, దాన్ని మరొక తల ఊపుతో తప్ప రద్దు చేయరాదు అని. ఆ ఫైలు నా సీటు మీదుగానే వెళ్ళింది. దాన్ని మాత్రం చదివాను. ఎప్పుడూ లేనిది ఎందుకు చదివానో ముద్ర కొట్టాక గాని ఆలోచించలేదు.

తరవాత ఉత్తర్వు తేదీ కావలసి వచ్చింది. ఇంజనీరుగారు డైరెక్టరుకి ఫోన్ చేశారు. ఫైలు పట్టుకుని నేను అక్కడే ఉన్నాను, ఫోను స్పీకర్లో ఉంది.

"ఆ ఊపు ఏ రోజుది?"

"రెండు నెలల కిందటి మూడో తారీకుది సార్. అతిథిని ఎంపిక చెయ్యకముందే."

"అంటే ఆవిడ అడక్కముందే మంత్రిగారు ఒప్పుకున్నారా?"

"అదే సార్ ఆయన గొప్పతనం."

"గొప్పతనం సరేనయ్యా! మంత్రి ఉత్తర్వు అరవై రోజుల్లో పూర్తి కావాలని రూలు. మూడో తారీకునుంచి ఇవాళ్టికి అరవై మూడు!"

"అయితే ఏమైందంటారు?"

ఇంజనీరుగారు ఫైలు మూసేశారు. "అయిపోయింది" అన్నారు.

ఆ సాయంత్రానికి పని పూర్తయినట్టు నివేదిక వచ్చింది. మర్నాడు మూడో స్తంభానికి తెల్లరంగు కూడా వేశారు కాబట్టి నివేదిక పూర్తిగా అబద్ధమని అనడానికి లేదు. బాగుపడిన వంతెన మీద మంత్రిగారు ముందు నడుస్తారని, వెనకే బడి పిల్లలందరూ నడుస్తారని ప్రకటించారు.

నడక ముందురోజు మంత్రిగారు ఇంజనీరుగారిని అడిగారు.

"వంతెన గట్టిగానే ఉంది కదా?"

"నివేదిక ప్రకారం గట్టిగానే ఉంది సార్."

మంత్రిగారు ఆయన ముఖంలోకి చాలాసేపు చూశారు. ఆయన ఒక మనిషిని అంత శ్రద్ధగా గమనించడం నేను చూడ్డం అదే మొదటిసారి. తరవాత డైరెక్టరు వైపు తిరిగారు.

"ఈ నడకని వెనకనుంచి తీస్తే బాగుంటుందేమో."

నేను కోటు తొడుక్కుంటుంటే మా ఆవిడ బొత్తాం సరిచేసింది. "జాగ్రత్తండీ" అంది. నాతో ఆవిడ ఎగతాళి లేకుండా మాట్లాడితే నాకు భయమేస్తుంది.

వంతెన మొదట తాడు కట్టి ఉంది. తాడు వెనక పిల్లలు ఇద్దరిద్దరు చొప్పున చేతులు పట్టుకుని నిలబడ్డారు. నా కాళ్ళు వంతెన దాటగానే తాడు విప్పుతారు. కెమెరా నా వెనక, తాడు పక్కనే. "ఏం జరిగినా వెనక్కి తిరగొద్దు గురువుగారూ. తిరిగారో, మంత్రిగారు ఇక్కడ లేనట్టే!" అని డైరెక్టరు అరిచాడు.

నడిచాను. మూలిగే స్తంభం దాటాను, కూనిరాగం తీసేది దాటాను. పలక మీదికి వచ్చేసరికి నా బూట్ల చప్పుడు కింద ఇంకో చప్పుడు వినిపించింది. టిక్కు. అది స్తంభమో, నా గుండెకాయో తేల్చుకోలేకపోయాను. ఇటువంటి తేడాలు తెలియాలంటే ముప్పై ఎనిమిదేళ్ళు చెవి ఆనించి ఉండాలి.

పలక దాటి అవతలి చివరికి చేరాను. వంతెన మీద ఇంకొక్క అడుగు మిగిలింది. అక్కడ చక్రం దగ్గర ఆవిడ నిలబడి ఉంది. రెండు చేతులూ చక్రం మీదే ఉన్నాయి. నన్ను చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు.

"మీరేనా బాబూ" అంది మెల్లిగా. "విన్నారా?"

"విన్నానమ్మా."

"ఎత్తెయ్యనా?"

వెనక పిల్లలు పాట అందుకున్నారు. ఎవరో కాళ్ళతో తాళం వేస్తున్నారు. డైరెక్టరు, "ఒక్క అడుగు గురువుగారూ, ఒక్క అడుగు!" అంటున్నాడు. వీపుకి అభిప్రాయాలు ఉండకూడదు. పాతికేళ్ళుగా నేను నమ్మిన సూత్రం కూడా అదే, ఆ మాటల్లో కాకపోయినా.

కళ్ళు మూసి తెరిచాను. నిదానంగా మూడుసార్లు తల ఊపాను.

ఆవిడ చక్రం తిప్పింది. నా వెనక పలక లేచి నిలబడింది.

అదంతా ప్రత్యక్ష ప్రసారం. పలకని దించాలంటే మరొక తల ఊపు కావాలని న్యాయ సలహాదారు ఆ మధ్యాహ్నమే గుర్తుచేశారు. పిల్లలు పెద్దరోడ్డు మీదుగా పావుగంట చుట్టు తిరిగి బడికి పోతున్నారు. రెండు రోజుల తరవాత, పలక లేచే ఉందని, ఇక బాగుచేయించడమే తరువాయని ఆవిడ పన్నెండో అర్జీ కిటికీలోంచి వచ్చింది. చదివి ముద్ర వేశాను.

ఆ సాయంత్రమే మంత్రిగారు కబురు పెట్టారు. గదిలో పెద్ద తెర మీద నా వీపు నడుస్తోంది. డైరెక్టరు ఒక మూల చెమటలు తుడుచుకుంటున్నాడు. తెర మీద తల మూడుసార్లు ఊగింది. పలక లేచింది.

"ఇది నేనేనా?" అన్నారు మంత్రిగారు.

డైరెక్టరు నా వంక చూశాడు, నేను తెర వంక చూశాను.

"ఆ రోజు వంతెన దగ్గరికి నేను వెళ్ళాను కదా?"

"వెళ్ళారు సార్" అన్నాడు డైరెక్టరు. "ఊరంతా చూసింది."

"మళ్ళీ వెయ్యి."

మళ్ళీ వేశారు. మంత్రిగారు ముందుకు వంగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఆ వీపుని చివరిదాకా చూశారు. ఆయన కళ్ళు నెమ్మదిగా తడిశాయి. పదకొండో నంబరే, కానీ ఈసారి కెమెరా లేదు.

"చూశావటయ్యా" అన్నారు నాతో, గొంతు సవరించుకుంటూ, "ఎంత లోతుగా విన్నానో!"