గొర్లె తవుడి విడతలవారీ విడుదల

యావజ్జీవ ఖైదీ గొర్లె తవుడి ఊపిరితిత్తులు రెండూ సోమవారం ఉదయం పదకొండు గంటలకు సెంట్రల్ జైలు నుంచి విడుదలయ్యాయి. మిగతా తవుడు లోపలే ఉన్నాడు.

ఇందులో అధికారుల తప్పేమీ లేదు. తీవ్రమైన జబ్బు చేస్తే దయతో ముందుగా వదిలిపెట్టవచ్చని నిబంధన. గట్టు తగాదాలో ఒకణ్ణి గునపంతో కొట్టి చంపిన తవుడు పదమూడేళ్లుగా శిక్ష అనుభవిస్తున్నాడు. ఉచిత న్యాయ సహాయం కింద లాయరు ఇందుమతి అతని తరఫున పెట్టిన దరఖాస్తును మెడికల్ బోర్డు ఏడు నెలలు పరిశీలించింది. జబ్బు ఊపిరితిత్తులకే ఉందనీ, హత్య చేసిన చేతులు ఆరోగ్యంగానే ఉన్నాయనీ తేల్చింది.

తవుడి భార్య సన్యాసమ్మ గేటు దగ్గర వేలిముద్ర వేసి, తడిగుడ్డలో చుట్టిన ఊపిరితిత్తులను అందుకుంది.

"మరి మడిసో, బాబూ?" అని సూపరింటెండెంటును అడిగింది.

"మనిషికేం జబ్బు లేదమ్మా. కాగితంలో ఉన్నంత వరకే పంపగలం" అన్నాడాయన. మంచివాడు. దారిలో గుడ్డ ఆరిపోకుండా చూసుకోమని కూడా చెప్పాడు.

ఇంట్లో ఆమె వాటిని నులకమంచం మీద పడుకోబెట్టింది. అవి దగ్గినప్పుడల్లా గోరువెచ్చని నీళ్లు చిలకరించేది. వారానికోసారి పోలీస్ స్టేషనుకు తీసుకెళ్లి హాజరు వేయించేది.

ములాఖత్ రోజున తవుడు జాలీకి అటువైపు కూర్చుని, గొంతులో మిగిలిన గాలితో పొదుపుగా మాట్లాడాడు.

"ఎలాగున్నాయే అయి?"

"బాగానే ఉన్నాయి. పక్కింటోళ్లు సుట్ట ముట్టిస్తే మాత్రం కదుల్తన్నాయి."

"పొగ రానీకు. నానొచ్చీదాకా జాగర్త."

ఇందుమతి ఊరుకోలేదు. మార్చిలో కిడ్నీలు వచ్చాయి, జూన్‌లో కాలేయం వచ్చింది. ఒక్కోదానికి ఒక్కో ఫైలు. ఆ ఏడాది దయతో చేసిన విడుదలలు మూడింతలయ్యాయని జైళ్ల శాఖ ప్రకటించుకుంది.

"ఈసారి గుండెకి దరఖాస్తు పెట్టానమ్మా. అది వస్తే మిగతా మనిషిని ఆపడానికి వాళ్ల దగ్గర కారణం ఉండదు" అంది ఇందుమతి. సన్యాసమ్మ మంచం మీద ఉన్నవాటిని జరిపి చోటు చేసింది.

బోర్డు సమావేశం గురువారం. గుండె మంగళవారం ఆగిపోయింది. అయినా బోర్డు గురువారం క్రమం తప్పకుండా కూర్చుని, ఆగిపోయిన గుండెకు ఇక జబ్బంటూ ఉండదు కనుక దరఖాస్తును తిరస్కరించింది.

తవుణ్ణి మాత్రం మంగళవారం మధ్యాహ్నమే ఇచ్చేశారు. దానికి దరఖాస్తు అడగలేదు, బోర్డు అనుమతి అడగలేదు, చేతుల విషయంలో కూడా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

"ఇంత బేగి ఇచ్చీగలరా ఈల్లు?" అంది సన్యాసమ్మ. ఇందుమతి ఫైలు మూసి ఆమెతో బయటికి నడిచింది.

గేటు బయట ఇంకో ఖైదీ భార్య, భర్త కిడ్నీల కోసం రాయించిన కాగితం పట్టుకుని ఇందుమతి కోసం కాచుకుని ఉంది. సన్యాసమ్మ ఆమె పక్కన ఆగింది.

"ఒకటొకటీ అడక్కమ్మా. ఏళ్లు పట్టేత్తాది. తొలీత గుండెకే ఎట్టు. అది ఆగిపోతే మడిసిని ఆపూటే ఇచ్చీత్తారు."

ఆ ఇల్లాలు కాగితాన్ని ఇందుమతి చేతికిచ్చింది. ఇందుమతి పెన్ను తీసి, కిడ్నీలు కొట్టేసి గుండె అని రాసింది.