తలూపిన కెమెరా

రెండు చిన్న సర్వో మోటార్లు కొనాలి. ఒకటి కెమెరాను పక్కలకు తిప్పడానికి, ఇంకొకటి పైకీ కిందికీ వంచడానికి. దాన్ని ఇంటర్నెట్టుకు కలిపి వెనక గది బీరువా మీద పెద్ద కన్నం చేసిన అట్టపెట్టెలో దాచాలి. దూరం నుంచి దాన్ని తిప్పే జాయ్‌స్టిక్ బడిలో ఉంచుకోవాలి. మా ఆవిడకు తెలియకూడదు. అమ్మ రేడియో బాగుచెయ్యాలి.

ఈ చివరి పని నాలుగేళ్లుగా చీటీ నుంచి చీటీకి బదిలీ అవుతూ వస్తోంది. బడిలో సైన్సు ల్యాబు చూసుకునే ఈ పెద్దమనిషిని ఇంట్లో ‘రేపటాయన’ అనేది అందుకే. మిగతావన్నీ మాత్రం రెండు రోజుల్లో అయిపోయాయి. అనుమానం చేయించే పనికి వాయిదాలుండవు.

పది రోజులుగా మధ్యాహ్నం మూడింటికి ఆవిడ కుట్టుమిషను ఆపేసి, వెనక గదిలోకి వెళ్లి తలుపేసుకుంటోంది. అక్కడున్నది అమ్మ దాచుకున్న రేడియో, పోయిన తన నాన్నగారిది. ఆవిడ తమ్ముడిదేమో పాత సామాన్ల కొట్టు. మొన్న వాడు గుమ్మంలో నిలబడి, “అక్కా, రేపటికల్లా విప్పేస్తావా?” అనడం రేపటాయన చెవిన పడింది. అప్పటినుంచి అన్నం సహించడం లేదు. ఆ రేడియో కాస్తా ఆ కొట్టుకు పోతే అమ్మ ముఖం ఎలా చూడాలి?

ఆ గదిలో ఏం చేస్తున్నావని ఆవిడనే అడిగాడు.

“మీరు చెయ్యనివి” అంది దారం కొరుకుతూ.

మర్నాడు మూడింటికి ల్యాబులో గాజుసీసాల వెనక కూర్చుని జాయ్‌స్టిక్ కదిపాడు. ఎడమకు తోస్తే బూజు. కుడికి తోస్తే విరిగిన గొడుగు. కిందికి వంచితే రేడియో, వీపు ఊడి బల్ల మీద బోర్లా పడి ఉంది. పక్కనే స్క్రూడ్రైవర్ పట్టుకుని ఆవిడ. బావమరిది సంచితో వస్తున్నాడేమోనని గబుక్కున తలుపు వైపు తిప్పాడు.

“ఏమండీ, వెలుతురు ఎక్కడికి పట్టుకుపోతున్నారు? ఇటు తిప్పండి” అంది ఆవిడ తలెత్తకుండానే.

కెమెరా పనిచేస్తున్నంతసేపూ దాని నుదుట చిన్న దీపం వెలుగుతుంది. ఆ గదికి కిటికీ లేదు. అన్నీ రాసుకున్న చీటీలో ఆ దీపం ఆర్పాలని ఆయన రాసుకోలేదు.

తిప్పాడు. ఆ వెలుతురులో తమ్ముడు తెచ్చిచ్చిన విడిభాగాలు కనిపించాయి, వాడు నేర్పిన టంకం పనీ కనిపించింది. విప్పింది అమ్మడానికి కాదు, బాగుచెయ్యడానికి. ఆవిడ మాట ఆయనకు వినిపిస్తుంది గానీ, ఆయన మాట ఆవిడకు వినిపించదు. అందుకని ఎర్ర తీగ ఇక్కడేనా అని ఆవిడ అడిగితే కెమెరా అడ్డంగా ఊగింది. మరి ఇక్కడా అంటే నిలువుగా ఊగింది. అలా గంటసేపు, బొటనవేలు తిమ్మిరెక్కేదాకా.

చివరికి రేడియో గరగరమని, గొంతు సవరించుకుని, వార్తలు అందుకుంది. ఆవిడ అత్తగారు గోడ పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చింది.

“మావాడే బాగుచేశాడా?”

ఆవిడ కెమెరా వైపు తిరిగింది. “మీరే చెప్పండి.”

ల్యాబులో రేపటాయన జాయ్‌స్టిక్‌ను పక్కకు తోశాడు. కెమెరా మెల్లగా అడ్డంగా ఊగి, ఆపైన నేలచూపులు చూసింది.

“పోనీలెండి అత్తయ్యా, దీపం పట్టుకున్నారు” అంది ఆవిడ.

ఆ సాయంత్రం చీటీలో చివరి పనిని రేపటాయన తన చేత్తోనే కొట్టేశాడు. రేడియో ఇప్పుడు రోజూ మోగుతోంది. ఎప్పుడైనా ఆ ఇంటి ముందునుంచి వెళ్తూ వింటే, ఆవిడను మెచ్చుకోండి. దీపం పట్టినవాణ్ణి కూడా కాస్త గుర్తుపెట్టుకోండి.