కుటుంబసమేతంగా చూడదగిన శృంగార చిత్రం

ఏడాదిపాటు ఊరంతా పోస్టర్లతో ఊరించిన శృంగార, హత్యారహస్య చిత్రం శుక్రవారం విడుదలై, ఎవరి శీలానికీ ఎలాంటి హాని కలిగించలేదని తెలియజేయడానికి చింతిస్తున్నాం.

పత్రికలో సమీక్షలు రాసే పెద్దమనిషి దాన్ని ముందురోజు పొద్దున్నే సతీసమేతంగా చూశారు. ఆయన నిజాయితీపరుడు, ఆ వృత్తిలో అదంత పెద్ద లోపం కాదు. పోస్టరు మీద సెగలు కక్కిన నాయికా నాయకులు తెరమీద మాత్రం ఎవరి పెళ్లిలోనో ఫొటోకి నిలబడ్డట్టు నిలబడ్డారు. ముద్దు ఘడియ రాగానే కెమెరా మర్యాదగా కిటికీవైపు తిరిగి, బయట కురుస్తున్న వానను తనివితీరా చూపించింది. హంతకుడెవరో మొదటి పాటకే తేలిపోయింది. హత్య జరిగిన బంగళాలో పనీపాటా లేకుండా తిరుగుతున్నవాడు అతనొక్కడే. విశ్రాంతి తర్వాత సమీక్షకుడి భార్య హాయిగా గురక పెట్టింది.

ఆయన ఉన్నదున్నట్టు రాశారు: "ఇందులో శృంగారమూ లేదు, ఉత్కంఠా లేదు. పిల్లాపాపలతో కుటుంబసమేతంగా నిద్రపోవచ్చు."

పత్రికాఫీసులో మాట దాగదు కనక, సాయంత్రానికల్లా దర్శకుడు సమీక్షకుడి వరండాలో ప్రత్యక్షమయ్యాడు.

"నన్ను తిట్టండి సార్. బూతనండి, సమాజాన్ని చెడగొడుతున్నాననండి. కుటుంబసమేతం అని మాత్రం అనకండి. నాకూ పెళ్లాంబిడ్డలున్నారు."

పొగడమని బతిమాలినవాళ్లను ఎందరినో చూశారు గానీ, తిట్టమని కాళ్లావేళ్లా పడ్డవాణ్ణి చూడటం ఆయనకు అదే మొదలు. నిజం మార్చడానికి చెయ్యి రాక తటపటాయిస్తుంటే, భార్య కాఫీ కప్పు అందిస్తూ అంది:

"ఇంట్లో అడక్కుండానే తిడతారుగా. పాపం, ఆయన అడిగి మరీ తిట్టించుకుంటానంటున్నాడు. కాదనకండి."

తెల్లారేసరికి సమీక్ష ఇలా అచ్చయింది: "సభ్యసమాజం తలదించుకోవలసిన చిత్రం. పెద్దమనుషులు ఆ సినిమాహాలున్న వీధి మొహం కూడా చూడరాదు."

ఆ రోజు ఆ వీధిలో కాలు పెట్టడానికి చోటు లేదు. సభ్యసమాజం తల దించుకునే వచ్చింది, ఎవరూ ఆనవాలు పట్టకుండా. హాల్లో ఎదురుపడ్డ మామా అల్లుళ్లు ఒకరికొకరు దారి తప్పి వచ్చామని చెప్పుకుని, చెరో మూలా కూర్చున్నారు. పరిశీలించనిదే ఖండించడం ధర్మం కాదు కనక, సన్మార్గ సంఘం ముందు వరుసలన్నీ ఆక్రమించింది. అధ్యక్షులవారు కళ్లజోడు తుడుచుకుని తెరమీది వానను సైతం నిశితంగా పరిశీలించారు.

ఆదివారం ఆ సంఘం మొత్తం సమీక్షకుడి ఇంటికి తరలివచ్చింది. ఆయన తప్పు ఒప్పుకుందామని నోరు తెరిచేలోగా అధ్యక్షులవారు ఉపన్యాసం అందుకున్నారు.

"అయ్యా, మీ మాట నమ్మి వరసపెట్టి ఆటలన్నీ చూశాం. ఖండించడానికి వేలెడంత దృశ్యం లేదు. సెన్సారువారు కత్తిరించినవేవో ఉండే ఉంటాయి. వాటిని తక్షణం ప్రజల ముందు పెట్టాలని మీరు రాయాలి. పూర్తిగా చూశాక మేం గట్టిగా ఖండిస్తాం."

కత్తిరించిందేమీ లేదనీ, తీసిందే అంతనీ సమీక్షకుడు చెప్పేశారు. చెప్పాక ఆయన ప్రాణం తేలికపడింది గానీ సంఘం ముఖాలు వాడిపోయాయి. దేశం ఏమైపోతోందంటూ అధ్యక్షులవారు కుర్చీలో కూలబడ్డారు. నీతిని కాపాడేవాళ్లకు చేతినిండా పని ఉండాలంటే అవినీతి నాణ్యత పెరగాలని అక్కడికక్కడే ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఇదంతా కట్టుకథని పాఠకులు కొట్టిపారేయవద్దు. మొదటి ఆటలో, చేతిరుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని, మా పక్క సీట్లో కూర్చున్నది మీరే కదా.